ఎవరి అస్థికలు? ‘బర్మా వీణ’ నవలలో స్మృతి, విస్మృతి

వ్యాససంగ్రహం:
జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించి, ఓడి, వెనుదిరిగిన నేపథ్యంలో తకెయామ మిచియో రాసిన ‘బర్మా వీణ’ (1948) యుద్ధవ్యతిరేక నవలగా ప్రసిద్ధి పొందింది. ఆ నవల ఎవరి మరణాలకు దుఃఖిస్తున్నదో, ఎవరి మరణాలను చూడకుండా దాటిపోతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఓఓకా షోహెయ్ నవల ‘నోబి’, జపాన్ దాడిని తిప్పికొట్టిన సేనాని విలియం స్లిమ్ స్వీయానుభవ గ్రంథం ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’ ఇందుకు తులనాధారాలు.

కీలకపదాలు: తకెయామ మిచియో, ఓఓకా షోహెయ్, విలియం స్లిమ్, బర్మా, యుద్ధస్మృతి, కాందిశీకులు.

1. ప్రస్తావన

‘యుద్ధవ్యతిరేక సాహిత్యం’ అనే మాటను మన విమర్శలో కొంత ధారాళంగానే వాడుతున్నాం. ఒక రచనలో సైనికుడు కన్నీరు పెడితే చాలు, శవాన్ని చూసి చలిస్తే చాలు, ఆ రచనకు మానవతావాద ముద్ర పడిపోతుంది. ఆ కన్నీరు ఎవరి కోసం, ఆ శవం ఎవరిది అని అడగడం ఏదో మర్యాద తప్పినట్లుగా ఉంటుంది. ‘బర్మా వీణ’ విషయంలో ఈ ప్రశ్న అడగక తప్పదు. ఎందుకంటే ఆ నవల ఇతివృత్తమే శవసంస్కారం.

కథ క్లుప్తంగా ఇది. సంగీతపాఠశాలలో చదివిన కెప్టెన్ ఇనొఉయె తన దళానికి పాటలు నేర్పుతాడు. మిజుషిమ అనే కార్పొరల్ బర్మా వాద్యాన్ని పోలిన వీణను స్వయంగా నేర్చుకొని వాయిస్తుంటాడు. ఒక గ్రామంలో శత్రువులు చుట్టుముట్టినప్పుడు దళం ‘హన్యూ నో యదొ’ పాట పాడుతుంది. అడవిలోంచి అదే బాణీ ఇంగ్లీషులో వినిపిస్తుంది. యుద్ధం అప్పటికే ముగిసిందని తెలుస్తుంది. రెండు పక్షాలూ తుపాకులు దించుతాయి. ఆ తరువాత ఒక కొండమీద లొంగిపోకుండా పోరాడుతున్న మరో జపాన్ దళాన్ని ఒప్పించడానికి మిజుషిమను పంపుతారు. అతడు విఫలుడవుతాడు, గాయపడతాడు, తిరిగి రాడు. ముదోన్ బందీల శిబిరంలో ఎదురుచూస్తున్న సహచరులకు అచ్చం అతనిలాగే ఉన్న ఒక బౌద్ధభిక్షువు కనిపిస్తుంటాడు. చివరికి స్వదేశానికి పోయే ఓడమీద కెప్టెన్ చదివిన ఉత్తరం వల్ల నిజం బయటపడుతుంది. దారి పొడవునా కుళ్లిన జపాన్ సైనికుల శవాలను చూసిన మిజుషిమ వాటికి సంస్కారం చేయడానికి భిక్షువుగా బర్మాలోనే ఉండిపోయాడు.

ఇక్కడ వాద్యం పేరు గురించి ఒక మాట. బర్మీయుల ‘సౌంగ్’ను ఇంగ్లీషు అనువాదకుడు హార్ప్ అన్నాడు. నేను వీణ అనడానికి కారణం ఉంది. నేటి బొబ్బిలి వీణను కాక, అమరావతి శిల్పాల్లో విల్లులా వంగి కనిపించే ప్రాచీన వీణను గుర్తు చేసుకుంటే సౌంగ్ దాని సంతతి అని తెలుస్తుంది. మన దగ్గర శిల్పాల్లో మిగిలిన వాద్యం బర్మాలో నేటికీ మోగుతున్నది. అంతటి చరిత్ర ఉన్న వాద్యం నవలలో బర్మీయుల చేతిలో కాక ఆక్రమణ సైనికుడి చేతిలో ప్రధానంగా పలకడాన్ని కూడా గమనించాలి.

2. చైనా నుంచి బర్మాకు మారిన రంగస్థలం

తకెయామ జర్మన్ సాహిత్య పండితుడు. నీషే ‘జరతూస్త్ర’ను జపనీయంలోకి తెచ్చినవాడు. టోక్యోలోని ప్రథమ ఉన్నత పాఠశాలలో అధ్యాపకుడు. తరగతి గదిలోంచి విద్యార్థులు యుద్ధానికి వెళ్లడాన్ని, వారిలో చాలామంది తిరిగి రాకపోవడాన్ని చూసినవాడు. ఓటమి తరువాత జపాన్‌లో తిరిగొచ్చిన సైనికులను ఆదరించినవారు తక్కువ. చచ్చినవారిని తలచుకోవడం కూడా అప్పటి వాతావరణంలో ఇబ్బందికర విషయమైంది. ఆ మృతుల కోసం ఎవరో ఒకరు ప్రార్థించాలన్న తపనే ఈ నవలకు మూలం. అందులో కపటం లేదు. ఈ నవల మొదట ‘అకతొంబొ’ అనే పిల్లల పత్రికలో 1947-48 మధ్య ధారావాహికగా వచ్చిందనీ, అమెరికన్ ఆక్రమణ పాలన సెన్సారు నీడలో వచ్చిందనీ కూడా గుర్తుంచుకోవాలి. పిల్లలకు ఓటమిని ఎలా చెప్పాలన్నది ఆనాటి అధ్యాపకుడి సమస్య.

అయితే తకెయామ బర్మాను ఎన్నడూ చూడలేదు. నవల ఎలా పుట్టిందో చెబుతూ ఆయనే ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టాడు. శత్రుసైన్యాలు రెండూ ఒకే పాట పాడి రాజీపడటం అన్న ఊహ ముందు వచ్చింది. రంగస్థలంగా మొదట అనుకున్నది చైనాను. కానీ చైనీయులకూ జపనీయులకూ ఉమ్మడిగా తెలిసిన పాట ఏదీ ఆయనకు తోచలేదు. ఇంగ్లీషువారితోనైతే అటువంటి పాటలున్నాయి. శత్రువు ఇంగ్లీషువాడు కావాలంటే కథ బర్మాలో జరగాలి.

నవలను అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో ఇంతకంటే పెద్ద ఆధారం లేదు. జపాన్ విస్తరణకు ప్రధాన రంగం చైనా. 1931లో మంచూరియాతో మొదలై, 1937 జులై నుంచి పూర్తిస్థాయి యుద్ధంగా మారి, 1945 దాకా సాగింది అక్కడే. జపాన్ లొంగిపోయేనాటికి పది లక్షలకు పైగా జపాన్ సైనికులు చైనా నేలమీద ఉన్నారు. జపాన్ యుద్ధం గురించి ఆత్మపరిశీలన చేసే నవలకు సహజమైన చోటు అదే. పాట దొరకలేదన్న కారణంతో ఆ చోటు తప్పిపోయింది. కళాత్మకంగా అది చిన్న సర్దుబాటులా కనిపిస్తుంది. ఆచరణలో అది శత్రువును ఎంచుకోవడం. ఎవరితో రాజీ సులభమో వారిని ఎదురుగా నిలుపుకొని, ఎవరికి సమాధానం చెప్పుకోవాలో వారిని కథ నుంచి తప్పించడం. చైనీయులతో ఉమ్మడి పాట ఎందుకు దొరకలేదు? ఎనిమిదేళ్ల దాడి తరువాత ఒక గ్రామంలో చిక్కుకున్న జపాన్ దళం పాడితే అడవిలోంచి చైనీయులు గొంతు కలుపుతారని ఏ పాఠకుడు నమ్ముతాడు? తకెయామ దీన్ని సంగీతసమస్యగా చెప్పాడు గాని, అది చరిత్ర వేసిన ప్రశ్న.

‘హన్యూ నో యదొ’ నిజానికి ‘హోమ్ స్వీట్ హోమ్’. 1823లో లండన్ రంగస్థలంకోసం అమెరికన్ రచయిత జాన్ హోవర్డ్ పేన్ మాటలకు హెన్రీ బిషప్ కట్టిన బాణీ. మెయిజీ కాలపు పాఠశాల సంగీతం ద్వారా జపాన్‌లోకి వచ్చి సొంత పాటై కూర్చుంది. నవలలో ఇది సమస్త మానవుల హృదయగీతంగా పనిచేస్తుంది. కానీ బర్మాలో జపాన్‌ను ఓడించిన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులు. గూర్ఖాలు, పంజాబీలు, గఢ్వాలీలు, మద్రాస్ శాపర్ల దళాల్లో మన తెలుగువారు, తమిళులు. వారితో పాటు తూర్పు, పశ్చిమ ఆఫ్రికా డివిజన్లు. ఆ అడవిలో నిజంగా తుపాకి పట్టి నిలబడినవాడికి ఈ పాట తెలిసే అవకాశం ఎంత? విశ్వమానవత్వానికి గుర్తుగా నిలిపిన బాణీ రెండు సామ్రాజ్యాల పాఠశాలల్లో చదివినవారి ఉమ్మడి సొత్తు మాత్రమే. ఆ రెండు సామ్రాజ్యాలూ ఎవరి నేలమీద కలుసుకున్నాయో ఆ నేలవాళ్లకు అందులో గొంతు లేదు.

3. నరభక్షకుడు ఎవరు?

గాయపడిన మిజుషిమ నవల మధ్యలో ఒక కొండజాతి చేతికి చిక్కుతాడు. వాళ్లు నరమాంసభక్షకులు. అతణ్ణి బాగా మేపి తినాలని చూస్తారు. పిల్లల సాహసకథల్లో ఇది పాత అలవాటే. ఆ వాతావరణానికి చెందిన ఘట్టంగానే చాలామంది దీన్ని క్షమించి దాటిపోతారు. ఇచికావా కోన్ 1956లో తీసిన చలనచిత్రంలో ఈ ఘట్టం లేనే లేదు. వెనిస్‌లో బహుమానం పొంది, ఆస్కార్ ప్రతిపాదన దాకా వెళ్లిన ఆ చిత్రం వల్లనే ప్రపంచానికి ఈ కథ తెలిసింది గనుక, మూలంలో ఇటువంటి ఘట్టం ఉందని తెలిసినవారు తక్కువ.

దీన్ని దాటిపోవడానికి వీల్లేదని ‘నోబి’ చదివినవారికి వెంటనే తెలుస్తుంది. ఓఓకా షోహెయ్ 1944లో సైన్యంలోకి బలవంతంగా తీసుకోబడి ఫిలిప్పీన్స్‌లోని మిందోరొ దీవికి వెళ్లాడు. 1945 జనవరిలో అమెరికన్లకు చిక్కి లేతె దీవిలో బందీగా గడిపాడు. 1951లో వెలువడిన ‘నోబి’లో క్షయరోగి అయిన తమురను దళం వెళ్లగొడుతుంది, ఆసుపత్రి రానివ్వదు. కొన్ని దుంపలు, చచ్చిపోవడానికి ఒక గ్రెనేడు, ఇవే అతని ఆస్తి. లేతె కొండల్లో తిరిగి తిరిగి చివరికి అతడు చూసేది, తోటి జపాన్ సైనికులు ‘కోతిమాంసం’ అంటూ తింటున్నది తమవాళ్ల మాంసమే అన్న సత్యాన్ని. అతని నోట్లోకి కూడా ఆ మాంసం వస్తుంది. న్యూగినీలోను, ఫిలిప్పీన్స్‌లోను తిండి అందక వదిలేయబడిన జపాన్ దళాల్లో ఇటువంటివి జరిగాయన్నది చరిత్ర.

రెండు నవలల మధ్య దూరం మూడేళ్లు మాత్రమే. ఒకదానిలో నరమాంసభక్షణ ఆక్రమిత దేశపు కొండజాతి లక్షణం. మరొకదానిలో అది ఆక్రమణ సైన్యం ఆకలి. తకెయామకు ఈ సంగతులు తెలిసి దాచాడని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ పాఠం తన పని తాను చేస్తుంది. యుద్ధం జపాన్ సైనికుణ్ణి ఎంత దూరం దిగజార్చిందో చెప్పవలసిన చోట, ఆ దిగజారుడును తీసి స్థానికుడి మెడకు చుట్టింది. ఇచికావా 1959లో ‘నోబి’ని కూడా చిత్రంగా తీశాడన్నది ఇక్కడ గమనార్హం. ఆయన కూడా తన తమురను పూర్తిగా తిననివ్వలేకపోయాడు. పళ్లు ఊడిపోవడం వల్ల చిత్రంలో తముర ఆ మాంసం నమలలేడు. ఓఓకా ఇవ్వని ఊరట అది.

‘నోబి’లో మరో ఘట్టం ఉంది, దాన్ని మన చర్చల్లో నరమాంసం మింగేస్తుంటుంది. పాడుబడిన గ్రామంలో ఉప్పు కోసం వచ్చిన ఒక ఫిలిప్పీన్ జంట తమురకు ఎదురుపడుతుంది. స్త్రీ కేక పెడుతుంది. అతడు కాలుస్తాడు. తరువాత వాళ్లు దాచుకున్న ఉప్పు తీసుకుంటాడు. ఆ ఉప్పు వల్లనే తోటి సైనికుల్లో అతనికి కొంతకాలం విలువ దక్కుతుంది. ఒక పౌరురాలి హత్య ఎంత మామూలుగా, ఎంత చిన్న వస్తువు కోసం జరుగుతుందో, ఆ వస్తువు తరువాత ఎలా చలామణి అవుతుందో ఓఓకా లెక్క తప్పకుండా రాశాడు. ఆ స్త్రీకి పేరు లేదు, కథ లేదు. అది ఈ నవల పరిమితి. కానీ ఆమె చావు తముర చేతిమీద నుంచి చివరిదాకా పోదు. ‘బర్మా వీణ’లో మన ముందున్న దళం చేతిలో ఒక్క బర్మా పౌరుడు కూడా చావడు. గ్రామస్థులు పాటలు విని చప్పట్లు కొడతారు, పండ్లు అమ్ముతారు, చిలకను ఇస్తారు.

4. ముదోన్ పరిసరాలు

తకెయామ ఊహించిన బర్మా పటంలో ఒక్క స్థలం మాత్రం చాలా నిర్దిష్టం. బందీల శిబిరం ఉన్న ముదోన్. మౌల్మీన్‌కు దక్షిణంగా దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. అదే రోడ్డుమీద ఇంకొంచెం దక్షిణంగా, మరో 35 కిలోమీటర్లు పోతే తన్‌బ్యుజయాత్ వస్తుంది.

తన్‌బ్యుజయాత్ సయాం-బర్మా రైలుమార్గానికి బర్మావైపు కొస. 415 కిలోమీటర్ల ఆ మార్గాన్ని 1942-43ల్లో జపాన్ సైన్యం బందీలతోను, కూలీలతోను వేయించింది. అరవై వేలకు పైబడిన మిత్రరాజ్యాల బందీల్లో పన్నెండు వేలకు పైగా చనిపోయారు. రెండు లక్షల దాకా ఉన్నారనుకొనే ఆసియా కూలీల్లో చనిపోయినవారు తొంభై వేలనీ, అంతకంటే ఎక్కువనీ అంచనాలున్నాయి. వీరిలో బర్మా గ్రామాల నుంచి ‘చెమట సైన్యం’ పేరుతో తోలుకొచ్చినవారున్నారు. మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన తమిళులున్నారు, వారితో పాటు తెలుగువారూ ఉన్నారు. మిత్రరాజ్యాల బందీలకు నేడు తన్‌బ్యుజయాత్‌లో పేర్లు చెక్కిన సమాధులున్నాయి, మూడు వేలకు పైగా. కూలీలకు అటువంటిది లేదు. కలరా వచ్చిన శిబిరాల్లో గోతులు తీసి కలిపి పూడ్చినవారికి, కాల్చినవారికి పేరు ఎవరు రాసుకున్నారు?

మౌల్మీన్ ప్రాంతంలోనే కలగోన్ అనే గ్రామం ఉంది. 1945 జులైలో, అంటే లొంగుబాటుకు నెల రోజుల ముందు, గెరిల్లాలకు సాయపడ్డారన్న అనుమానంతో జపాన్ సైనికులు అక్కడ ఆరు వందలకు పైగా గ్రామస్థులను చంపి బావుల్లో వేశారు. 1946లో రంగూన్‌లో దీనిపై యుద్ధనేర విచారణ జరిగింది.

నవలలో మిజుషిమ నడిచి చేరేది ఈ ప్రాంతానికే. అతడు ఎముకలు వెతుకుతున్న మనిషి. వెతికే కళ్లకు ఈ ఎముకలు కనిపించలేదు. నవలాకారుడికి ఈ రెండు సంగతులు ఎంతవరకు తెలిసే వీలుందో వేరే విషయం. నేను ప్రశ్నిస్తున్నది ఆయన జ్ఞానాన్ని కాదు. ఏ మృతులను వెతకాలని ఈ నవల తన నాయకుణ్ణి పంపిందో ఆ నిర్మాణాన్ని. అందులో జపాన్ మృతులకు మిజుషిమ ఉన్నాడు. ఒక పేరు తెలియని జపాన్ సైనికుణ్ణి బ్రిటిష్ ఆసుపత్రి నర్సులు స్తోత్రగీతంతో ఖననం చేయడం చూసే అతనికి మనసు మారుతుంది. బ్రిటిష్ మృతుల అస్థికల కోసం ముదోన్‌లో ఊరేగింపు జరుగుతుంది. అందులో మిజుషిమ జపాన్ సంప్రదాయం ప్రకారం తెల్లబట్ట చుట్టిన పెట్టెను మెడలో వేసుకొని నడుస్తాడు. రెండు పక్షాల మృతులకూ నవలలో తంతు దొరికింది. దేశం ఎవరిదో వారి మృతులకు దొరకలేదు. వారు తంతు జరిపే పూజారులుగా, చూసే జనంగా మిగిలారు.

మిజుషిమ ఉత్తరాన్ని తేలిగ్గా తీసేయడం అన్యాయమవుతుంది. జపనీయులు దురాశతో, గర్వంతో మనిషితనాన్ని మరిచారని అందులో ఉంది. అంతకుముందే దళసభ్యుల మధ్య మంచి చర్చ ఒకటి నడుస్తుంది. యువకులందరూ ఒకప్పుడు సైనిక దుస్తులు వేసుకొనే దేశం గొప్పదా, కాషాయం కట్టుకొనే దేశం గొప్పదా అని. నవలలో నాకు నచ్చే భాగం అది. ఎవరూ గెలవని వాదం, బందీశిబిరంలో కాలక్షేపం లాంటి వాదం, కానీ అందులో జపాన్ ఆధునికత మీదే అనుమానం ఉంది. అయితే ఆ చర్చలో బర్మా ఒక తత్త్వానికి మారుపేరుగా మాత్రమే ఉంటుంది. ఆధ్యాత్మికమైన, సోమరియైన, సంతృప్తి ఎరిగిన దేశం. ఆ సంతృప్త దేశం 1941లో ఆంగ్ సాన్ నాయకత్వంలో జపాన్ సాయంతో స్వాతంత్ర్యసైన్యాన్ని కట్టుకుంది. 1943 ఆగస్టులో జపాన్ ఇచ్చిన స్వాతంత్ర్యం పేరుకే అని తెలుసుకుంది. 1945 మార్చి 27న ఆ సైన్యమే జపాన్ మీద తిరగబడింది. ఇంత రాజకీయం నడిపిన ప్రజలను కాషాయం కట్టిన నిశ్చలచిత్రంగా చూపడంలో ప్రేమ ఉండవచ్చు, గుర్తింపు లేదు. ఆ కాషాయానికి కూడా నియమాలున్నాయి. థేరవాద వినయం ప్రకారం భిక్షువు వాద్యం ముట్టరాదు. వీడ్కోలు వేళ మిజుషిమ వీణ వాయించే ఘట్టం జపాన్ పాఠకుడికి కన్నీరు తెప్పిస్తుంది. బర్మా పాఠకుడికి అది మొదట నియమభంగంగా కనిపిస్తుంది.

5. ఆజ్ఞ ఇచ్చినవాడు

బర్మాకు వచ్చిన మూడు లక్షలకు పైబడిన జపాన్ సైనికుల్లో దాదాపు 1,85,000 మంది చనిపోయారు. మిజుషిమ చూసిన శవాలు కల్పన కాదు. కానీ వాళ్లు ఎలా చచ్చారు?

1944 మార్చిలో ముతగుచి రెన్య నాయకత్వంలోని పదిహేనో సైన్యం మూడు డివిజన్లతో ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చింది. సరఫరా ఏర్పాట్లు నామమాత్రం. వెంట తోలుకొచ్చే పశువులను తినవచ్చని, తరువాత బ్రిటిష్ గోదాములే తిండి పెడతాయని పథకం. పశువులు చిండ్విన్ నదిలో, కొండదారుల్లో పోయాయి. గోదాములు చిక్కలేదు. తన మనుషులు ఆకలితో చస్తున్నారని, కోహిమా దగ్గరున్న 31వ డివిజన్ అధిపతి సతో కోతొకు ఆజ్ఞ లేకుండానే వెనుదిరిగాడు. జపాన్ సైన్యచరిత్రలో అరుదైన ధిక్కారం అది. జులైలో దాడి విరమించేనాటికి బయల్దేరిన దాదాపు 85,000 మందిలో సగానికి పైగా నష్టం. ఎక్కువమందిని చంపింది గుండు కాదు, ఆకలి, మలేరియా, విరేచనాలు. వర్షాకాలంలో వెనుదిరిగిన ఆ దారికి జపాన్ సైనికులే ‘తెల్లఎముకల దారి’ అని పేరు పెట్టుకున్నారు.

నవలలో ముతగుచి లాంటివాడు లేడు. పైఅధికారి అంటే సంగీతం తెలిసిన, ఉత్తరం చదువుతూ గద్గదమయ్యే ఇనొఉయె. కొండమీద మొండిగా పోరాడే దళం ఉంది గాని, ఆ మొండితనం ఎక్కడ తయారైందో నవల అడగదు. యుద్ధం ఇందులో వానలా, అంటువ్యాధిలా వచ్చిపడుతుంది. అందుచేత మిజుషిమ దుఃఖానికి ముద్దాయి ఉండడు.

ఈ లోటు జపాన్ దాడిని తిప్పికొట్టిన వైపు నుంచి చదివితే మరింత బాగా తెలుస్తుంది. విలియం స్లిమ్ ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’ 1956లో వచ్చింది. ఇచికావా చిత్రం విడుదలైన సంవత్సరమే అది. 1942 మార్చిలో బర్మా కోర్‌కు నాయకుడై, దాదాపు 900 మైళ్లు వెనుదిరిగి, అదే మనిషి 1945 మేలో రంగూన్ తిరిగి చేతికొచ్చేదాకా సైన్యాన్ని నడిపాడు. సేనానుల జ్ఞాపకాల్లో ఈ పుస్తకానికి ప్రత్యేకస్థానం ఉండటానికి కారణం, అది తప్పుల పద్దు కూడా కావడం. కోహిమా మీదికి ఒక రెజిమెంటు వస్తుందనుకుంటే డివిజనే వచ్చిందని, ఆ అంచనా తప్పు తనదేనని అతడు రాసుకున్నాడు.

పుస్తకంలో ఎక్కువ చోటు ఆక్రమించింది యుద్ధాల వర్ణన అనిపించదు. మలేరియా, రోడ్లు, కోడిగుడ్లు, పడవలు. 1943లో గాయపడి తరలించబడిన ఒక్కొక్క సైనికుడికీ రోగంతో తరలించబడినవారు 120 మంది. మెపక్రిన్ మాత్రలు మింగుతున్నారో లేదో హఠాత్తుగా పరీక్ష పెట్టి, పట్టించుకోని ముగ్గురు కమాండర్లను తొలగించిన తరువాత జబ్బు తగ్గింది. పట్టు పారాచూట్లు దొరకకపోతే కలకత్తా జనపనార మిల్లుల్లో గోనెగుడ్డతో పారాచూట్లు చేయించి ఆహారం జారవిడిచారు. ఇంఫాల్ నిలబడింది ఈ పనుల వల్ల. ఎముకలకు కారణం ఉంటుందని, మాత్ర మింగించనివాడు, బియ్యం పంపనివాడు కారణమని చెప్పగల వచనం ఇది. తకెయామ నవలలో లేనిది సరిగ్గా ఇదే.

అలాగని స్లిమ్ చూపు సమగ్రం కాదు. జపాన్ సైన్యాన్ని అతడు చీమలతో పోలుస్తాడు. పథకం సాగితే నిర్దాక్షిణ్యంగా పనిచేస్తాయి, చెదిరితే తికమకపడతాయి అన్నది ఆ పోలికలోని భావం. సైనిక విశ్లేషణగా అందులో పదును ఉంది. కానీ చీమకు ఎముకలుండవు, వెతికి పూడ్చవలసిన అవసరమూ ఉండదు. తకెయామ ఎందుకు రాయవలసివచ్చిందో ఈ వాక్యం దగ్గర నాకు అర్థమవుతుంది. ఇక కాందిశీకులు అతని వచనంలో వెనుదిరిగే రోడ్డుమీద గుంపులుగా, రోగానికి వాహకులుగా, జాలిగొలిపే దృశ్యాలుగా వస్తారు. సేనానికి రోడ్డు సైన్యానికి అవసరమైనది. ఆ రోడ్డుమీద ఉన్నవారి వైపు నుంచి రోడ్డు ఎలా ఉందో రాయడం అతని పని కాదు.

6. మూడోవైపు

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైనే. రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులు. ఆ నగరపు రేవులో బరువు మోసినవారిలో తెలుగువారిదే పెద్దపాలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వారికి అక్కడ ‘కొరంగీలు’ అని పేరు, అది గౌరవవాచకం కాదు. 1930 మేలో తెలుగు రేవుకూలీల సమ్మె, వారి స్థానంలో బర్మీయులను తెచ్చి మళ్లీ తీసేయడం, దాని వెంట రంగూన్‌లో రేగిన రక్తపాతం చరిత్రలో నమోదై ఉన్నాయి. వలసపాలన ఇద్దరు పేదలను ఒకరిమీద ఒకరిని ఉసిగొల్పిన ఆ పగ, 1942లో దారి పొడవునా కాందిశీకుల వెంట వచ్చింది.

1941 డిసెంబరు 23న, మళ్లీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు ఖాళీ అయింది. ఓడ టిక్కెట్టు కొనలేనివారు నడిచారు. కొందరు ప్రోమ్ మీదుగా తౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, కొందరు తము మీదుగా మణిపురానికి, ఆలస్యంగా బయల్దేరినవారు హుకావ్ంగ్ లోయలోంచి అస్సాంకు. యూరోపియన్లకు ఒక దారి, భారతీయులకు మరో దారి అన్న వివక్ష ఆ చావుదారుల్లోనూ ఉంది. నాలుగైదు లక్షలమంది భారతదేశం చేరారు. దారిలో రాలినవారి సంఖ్య పది వేల నుంచి యాభై వేల దాకా, అంతకు మించి కూడా చెబుతారు. హ్యూ టింకర్ 1975లో ఈ నడకను ‘మరచిపోయిన దీర్ఘయాత్ర’గా వర్ణిస్తూ వ్యాసం రాసేదాకా చరిత్రకారులు దానికి విడిగా శీర్షిక కూడా పెట్టలేదు. అమితవ్ ఘోష్ ‘ది గ్లాస్ ప్యాలెస్’ (2000) దాన్ని ఇంగ్లీషు నవలలోకి తెచ్చింది.

తెలుగులో పరిస్థితి వేరు. ఇక్కడ మాటే ముందు వచ్చింది. సంస్కృతంలో ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోవాలి అని తత్తరపడుతూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. నిఘంటువులో నిద్రపోతున్న ఈ మాటను వాడుకలోకి లాక్కొచ్చిన సందర్భాల్లో బర్మా నుంచి వచ్చినవారిది ముఖ్యమైనది. జాషువా 1945 నాటి ‘కాందిశీకుడు’ కావ్యం బర్మా కాందిశీకుణ్ణే కేంద్రంగా చేసుకుంది. తకెయామ తన భిక్షువును ఊహించడానికి ముందే ఒక తెలుగు కవి అదే యుద్ధం, అదే దేశం నుంచి పారిపోయి వచ్చే మనిషిని కావ్యనాయకుణ్ణి చేశాడు. ‘గబ్బిలం’ మీద వెలువడినంత పరిశోధనలో ఈ కావ్యానికి దక్కిన వాటా చాలా స్వల్పం. జాషువాను కులదృష్టితో చదివినంతగా యుద్ధదృష్టితో మనం చదవలేదు. బర్మాకు వెళ్లి కూలి చేసినవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారు ఎక్కువగా ఉన్నారని గుర్తుంచుకుంటే, ఆ రెండు దృష్టులూ ఆ కావ్యం దగ్గర వేరుపడవు.

ఓఓకా షోహెయ్ ‘నోబి’తో ఆగలేదు. ఇరవై ఏళ్ల తరువాత, 1971లో, ‘లేతె యుద్ధచరిత్ర’ అనే పెద్ద గ్రంథం వెలువరించాడు. రెండు సైన్యాల పత్రాలనూ పక్కపక్కన పెట్టి, ఏ దళం ఏ రోజు ఏ కొండమీద ఎంతమందిని కోల్పోయిందో రాసుకుంటూ పోయి, జపాన్, అమెరికా రెండూ పోట్లాడుకున్న ఆ దీవి ఫిలిప్పీన్ ప్రజలదన్న విషయానికి వచ్చాడు. ‘నోబి’లో పేరులేని స్త్రీకి అది ఆలస్యంగా చెల్లించిన బాకీ అనుకోవచ్చు. ‘బర్మా వీణ’కు అటువంటి రెండో పుస్తకం లేదు. ఇచికావా 1985లో అదే కథను రంగుల్లో మళ్లీ తీశాడు. జపాన్‌లో జనం విరగబడి చూశారు. రైలుమార్గపు కూలీలు అందులోనూ లేరు.

మన దగ్గర ఆ రెండో పుస్తకానికి కావలసిన సామగ్రి ఇంకా పూర్తిగా పోలేదు. 1942లో నడిచి వచ్చినవారి పిల్లలు, 1962 తరువాత బర్మా సైనికపాలన వెళ్లగొట్టగా వచ్చి విశాఖపట్నంలో బర్మా క్యాంపు వంటి కాలనీల్లో స్థిరపడినవారు ఉత్తరాంధ్రలో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడినప్పటి సంగతులు విన్న ఇళ్లున్నాయి. ఆ రోజుల పత్రికల సంచికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. తౌంగుప్ కనుమలో నీళ్లు దొరక్క ఎవరిని ఎక్కడ వదిలి వచ్చారో చెప్పగల కుటుంబాలు ఇంకా కొన్ని ఉండవచ్చు. వాళ్లను అడగడానికి మిగిలిన కాలం చాలా తక్కువ.